ఓటు దక్కింది, ఫైలు దక్కలేదు: శ్రీలంక ఉత్తర ప్రావిన్స్‌లో ఎన్నికల తర్వాత

2013 సెప్టెంబర్ 21న శ్రీలంక ఉత్తర ప్రావిన్స్‌లో ప్రొవిన్షియల్ కౌన్సిల్ ఎన్నికలు జరిగాయి. మర్నాటికి ఫలితాలు వచ్చాయి. మొత్తం 38 స్థానాల్లో 30 తమిళ పార్టీలు కలిసి పెట్టుకున్న తమిళ జాతీయ కూటమి గెలుచుకుంది. సరిగ్గా అయిదు రోజులకు, సెప్టెంబర్ 26న, కొలంబోలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. కేసు ఒక ఎస్టేటు భూమిని ఖాళీ చేయించడం గురించి. ఉత్తరాదిలోని ముఖ్య నగరం జాఫ్నాతో దానికి ఏ సంబంధమూ లేదు. కానీ ప్రభుత్వ భూముల మీద అధికారం కేంద్రానిదే తప్ప ప్రావిన్సులది కాదని ఆ తీర్పు తేల్చేసింది. భూమి కోసమే ఓటేసిన జనానికి, తాము ఎన్నుకున్నవాళ్ల చేతిలో భూమి లేదన్న సంగతి వారం తిరక్కముందే తెలిసింది.

యుద్ధం ముగిసిన ప్రాంతంలో ఎన్నికలు జరిగితే బయటి ప్రపంచం ప్రధానంగా రెండు విషయాలు చూస్తుంది. పోలింగ్ ప్రశాంతంగా జరిగిందా, ఓడినవాళ్లు ఫలితాన్ని ఒప్పుకున్నారా అని. ఉత్తర ప్రావిన్స్‌లో ఈ రెండూ దాదాపు నెరవేరాయి. పోలింగుకు ముందు బెదిరింపులు, దాడులు జరిగినా లెక్కింపు మీద పెద్ద గొడవ లేదు. అధ్యక్షుడు మహింద రాజపక్స ప్రభుత్వం తన కూటమి ఓటమిని కాదనలేదు. అయినా తర్వాతి అయిదేళ్లూ అక్కడ ఉద్రిక్తత చల్లారలేదు. అది పోలింగ్ బూత్ దగ్గర పుట్టినది కాకపోవడమే అందుకు కారణం. గెలిచినవాళ్లకు ఇచ్చిన కుర్చీకీ, వాళ్ల చేతికిచ్చిన అధికారానికీ మధ్య ఉన్న ఎడంలో అది పుట్టింది.

పాతికేళ్ల తర్వాత మొదటి ఓటు

ప్రొవిన్షియల్ కౌన్సిళ్లు శ్రీలంక వ్యవహారంలో భారతదేశం జోక్యం చేసుకున్నాక వచ్చినవి. 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో సంతకాలు చేసిన ఒప్పందం ప్రకారం శ్రీలంక రాజ్యాంగానికి 13వ సవరణ జరిగింది. తమిళులు ఎక్కువగా ఉండే ఉత్తర, తూర్పు ప్రావిన్సులను కలిపి, వాటితోపాటు దేశంలోని మిగతా ప్రావిన్సులకు కూడా ఎన్నికైన మండళ్లు ఇవ్వాలన్నది ఏర్పాటు. మన రాష్ట్రాల పద్ధతిని చూసి కత్తిరించి కుట్టిన చట్టం అది. ఆ ఒప్పందాన్ని అమలు చేయించడానికి వెళ్లిన భారత శాంతి దళం ఎల్‌టీటీఈతో యుద్ధంలో చిక్కుకుని వెయ్యి మందికి పైగా సైనికులను పోగొట్టుకుంది.

1988 నవంబరులో ఉత్తర-తూర్పు మండలికి ఎన్నికలు పెట్టారు. ఎల్‌టీటీఈ బహిష్కరించింది. ఉత్తరాది జిల్లాల్లో పోటీయే లేదు, భారత్ అండ ఉన్న పార్టీల అభ్యర్థులు ఏకగ్రీవంగా గెలిచారు. ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నాయకుడు వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యాడు. భారత సైన్యం తిరిగి వెళ్లిపోతున్న సమయంలో, 1990 మార్చి 1న, ఏకపక్షంగా ఈలం, అంటే ప్రత్యేక తమిళ దేశం, స్వాతంత్ర్య ప్రకటన చేసి దేశం విడిచి వెళ్లాడు. మండలి రద్దయింది. 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు రెండు ప్రావిన్సుల విలీనమే చెల్లదంది. 2007 నుంచి ఉత్తరం వేరు, తూర్పు వేరు. తూర్పులో 2008లోనే ఎన్నికలు జరిపారు. 2009 మేలో ముల్లివైక్కాల్ దగ్గర యుద్ధం ముగిశాక కూడా ఉత్తరాదికి మరో నాలుగేళ్లు పట్టింది.

అంటే జాఫ్నా, కిలినొచ్చి, ముల్లైతీవు, మన్నార్, వవునియా జిల్లాల ఓటర్లు తమ ప్రావిన్స్ మండలికి నిజంగా బ్యాలెట్ మీద గుర్తు పెట్టింది 2013లోనే. తమిళుల సమస్యకు పరిష్కారంగా దేశమంతటా పెట్టిన మండళ్లు మిగతా ప్రావిన్సులన్నింటిలో ఏళ్ల తరబడి నడిచాయి. ఎవరి కోసం పెట్టారో వాళ్లకే చివర్న అందాయి. ఈ అన్యాయం గుర్తుంచుకోకపోతే 2013 ఓటులోని తీవ్రత అర్థం కాదు.

మండలి లేకపోవడం ఎంత నష్టమో ఎన్నికలకు ఏడాది ముందు ఒక ఉదంతంలో బయటపడింది. ప్రావిన్సుల అధికారాల్లోకి చొరబడే దివినెగుమ అనే బిల్లును కేంద్రం తెచ్చింది. దానిపై మండళ్లన్నింటి అభిప్రాయం తీసుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్తరంలో మండలి లేదు కాబట్టి కేంద్రం నియమించిన గవర్నరే సమ్మతి ఇచ్చేశాడు. ఎన్నికైన మండలి తరఫున గవర్నర్ మాట్లాడటం కుదరదని కోర్టు కొట్టేసింది. ప్రభుత్వం పార్లమెంటులో మూడింట రెండు వంతుల మెజారిటీతో బిల్లు నెగ్గించుకుంది. అదే 2013 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి షిరానీ బండారనాయకేను అభిశంసించి పదవి నుంచి తొలగించారు. ఎనిమిది నెలల తర్వాత భూముల తీర్పు ఇచ్చింది ఆమె స్థానంలో వచ్చిన ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షత వహించిన ధర్మాసనం.

పోలింగుకు ముందు రాత్రి

ఎన్నికలు పెట్టాలా వద్దా అన్నదానిపైనే ప్రభుత్వంలో పోరు నడిచింది. జాతిక హెల ఉరుమయ, విమల్ వీరవంశ పార్టీ లాంటి సింహళ జాతీయవాద మిత్రపక్షాలు ముందు 13వ సవరణలోని పోలీసు, భూమి అధికారాలు తీసేశాకే ఉత్తరాదికి ఎన్నికలు పెట్టాలన్నాయి. రక్షణ శాఖ కార్యదర్శిగా ఉన్న గోటబాయ రాజపక్స వైఖరీ అదే. మరోవైపు నవంబరులో కొలంబోలో కామన్వెల్త్ దేశాధినేతల సమావేశం ఉంది. భారత్ నుంచి ఒత్తిడి, జెనీవాలో మానవ హక్కుల మండలి తీర్మానాలు ఉండనే ఉన్నాయి. ఎన్నికలు తప్పలేదు.

ప్రభుత్వం తన వంతుగా అభివృద్ధిని చూపించింది. జాఫ్నాను దక్షిణాదితో కలిపే ఏ-9 రహదారి బాగుచేశారు. భారత ప్రభుత్వ రుణంతో ఇర్కాన్ సంస్థ వేసిన పట్టాల మీద పోలింగుకు వారం ముందు యాళ్‌దేవి రైలు కిలినొచ్చి దాకా వచ్చింది. ఇరవయ్యేళ్లకు పైగా రైలు చూడని ఊళ్లవి. రోడ్డు, రైలు, కరెంటు వస్తే జనం యుద్ధం సంగతి పక్కన పెడతారని రాజపక్స శిబిరం నమ్మింది.

ఆ నమ్మకం ఎంత పొరపాటో ప్రచారం చివరి గంటల్లో జరిగిన రెండు ఘటనలు చెబుతాయి. కూటమి అభ్యర్థుల్లో అనంతి శశిధరన్ ఒకరు. ఎల్‌టీటీఈ ట్రింకోమలీ రాజకీయ విభాగం నాయకుడు ఎళిలన్ భార్య. 2009 మేలో భర్త తన కళ్లముందే సైన్యానికి లొంగిపోయాడని, తర్వాత ఆచూకీ లేదని కోర్టుకెక్కిన మనిషి. సెప్టెంబర్ 20 తెల్లవారుజామున ఆమె ఇంటి మీద సాయుధులు దాడి చేశారు. ఆమె తప్పించుకుంది, అక్కడున్నవాళ్లు గాయపడ్డారు. సైన్యం తనకు సంబంధం లేదంది. మర్నాడు పోలింగ్ రోజు ఉదయం జాఫ్నాలో 'ఉదయన్' పత్రిక పేరుతో, అచ్చం ఆ పత్రికలాగే ఉన్న నకిలీ సంచిక పంచారు. అనంతి ప్రభుత్వ పక్షంలో చేరిపోయిందని అందులో వార్త. ఇంటింటికీ తెల్లారే చేరే పత్రిక పేరు వాడుకుని ఒక అభ్యర్థిని ఓట్ల రోజే చంపేసే ప్రయత్నం అది, ఒంట్లో ప్రాణం తీయకపోయినా.

జనం నమ్మలేదు. అనంతికి 87 వేలకు పైగా ప్రాధాన్య ఓట్లు (పార్టీకి ఓటేస్తూనే అందులో నచ్చిన అభ్యర్థికి పెట్టే గుర్తులు) పడ్డాయి. ముఖ్యమంత్రి అభ్యర్థి, సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి సి.వి.విఘ్నేశ్వరన్‌కు 1,32,255. ప్రావిన్స్‌లో రెండో స్థానం అనంతిదే. తప్పిపోయినవాళ్ల కోసం పోలీస్ స్టేషన్ల చుట్టూ, కమిషన్ల చుట్టూ తిరుగుతున్న వేలాది కుటుంబాల ఓటు అది. ఏ రైలూ ఆ కుటుంబాలకు జవాబు కాలేకపోయింది.

మొత్తం మీద పోలింగ్ 67 శాతం పైనే. ఇల్లు గుర్తు మీద పోటీ చేసిన తమిళ జాతీయ కూటమికి 3,53,595 ఓట్లు, అంటే 78.48 శాతం. రాజపక్స కూటమికి 18 శాతం, ఏడు స్థానాలు. శ్రీలంక ముస్లిం కాంగ్రెస్‌కు మన్నార్‌లో ఒకటి. యుద్ధం చివర్లో అందరికంటే ఎక్కువగా నలిగిన ముల్లైతీవులో అయిదింట నాలుగు కూటమికే వెళ్లాయి. అదే రోజు సింహళులు ఎక్కువగా ఉన్న వాయవ్య ప్రావిన్స్‌లో, మధ్య ప్రావిన్స్‌లో రాజపక్స కూటమి భారీగా గెలిచింది. ఒకే రోజు, ఒకే దేశం, రెండు పూర్తి భిన్నమైన తీర్పులు. ప్రతి పక్షం తనకు వచ్చిన ఓటునే దేశం మాటగా చదువుకుంది.

ప్రమాణం ఎవరి ఎదుట?

తొలి గొడవ సొంత ఇంట్లోనే మొదలైంది. విఘ్నేశ్వరన్ అధ్యక్షుడు రాజపక్స ఎదుట ప్రమాణం చేయాలని కూటమి నాయకుడు ఆర్.సంపంధన్ నిర్ణయించాడు. రాజీకి సిద్ధమని దక్షిణాదికి ఒక మాట పంపడం ఉద్దేశం. అక్టోబర్ 7న కొలంబోలోని అధికార నివాసం టెంపుల్ ట్రీస్‌లో ఆ కార్యక్రమం జరిగింది. నాలుగేళ్ల క్రితం వేలాది తమిళ పౌరులు చనిపోయేలా యుద్ధాన్ని ముగించిన మనిషి ఎదుట చేయెత్తి ప్రమాణమా అని కూటమి భాగస్వామ్య పక్షాల్లో చాలామందికి కడుపు మండింది. అక్టోబర్ 11న జాఫ్నా వీరసింగం హాలులో మిగతా సభ్యుల ప్రమాణానికి కొందరు రాలేదు. మంత్రి పదవుల పంపకం అసంతృప్తి కూడా అందులో కలిసింది. ముఖ్యమంత్రితో కలిపి అయిదుగురు మంత్రులే, కూటమిలో పార్టీలేమో నాలుగైదు.

ఇక్కడే ఒక మంచి పని కూడా జరిగింది. గెలిచిన పార్టీకి వచ్చే రెండు బోనస్ స్థానాల్లో ఒకటి ముస్లిం ప్రతినిధికి ఇచ్చారు. 1990 అక్టోబరులో ఎల్‌టీటీఈ ఉత్తరాది నుంచి ముస్లింలను, 70 వేల మందికి పైగా, కట్టుబట్టలతో గెంటేసింది. జాఫ్నాలో రెండు గంటల గడువిచ్చి పంపేశారు. యుద్ధం ముగిశాక తిరిగొచ్చిన ముస్లింలకు భూములు, ఇళ్లు దొరకడం కష్టమైంది. తమిళుల మీద జరిగిన అన్యాయం గురించి మాట్లాడే మండలిలో ఈ గాయానికీ చోటు ఉండాలి. ఆ ఒక్క కుర్చీ సరిపోతుందా అంటే సరిపోదు. అది లేకపోతే మాత్రం మండలి నైతిక బలం సగానికి పడిపోయేది.

అక్టోబర్ 25న జాఫ్నా దగ్గరి కైతడిలో మండలి తొలిసారి కూర్చుంది. అసలు కథ అక్కడి నుంచి.

గవర్నర్ సంతకం

గవర్నర్ అంటే తెలుగువాళ్లకు 1984 ఆగస్టు గుర్తుకొస్తుంది. రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను గద్దె దించాడు, జనం వీధుల్లోకి వచ్చారు, నెల రోజుల్లో ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యాడు. మన దగ్గర అది గవర్నర్ హద్దు దాటిన సందర్భం. శ్రీలంక ప్రావిన్సుల్లో గవర్నర్ హద్దు దాటనక్కరలేదు, చట్టమే ఆయనకు అంత చోటు ఇచ్చింది. అధ్యక్షుడు నియమిస్తాడు, అధ్యక్షుడి ఇష్టమున్నంత కాలం ఉంటాడు. కార్యనిర్వాహక అధికారం ఆయనది. దాన్ని మంత్రుల ద్వారా నడిపించవచ్చు, నేరుగా నడిపించవచ్చు, కింది అధికారుల ద్వారానైనా నడిపించవచ్చు. ప్రావిన్స్ ఉద్యోగుల నియామకం, బదిలీ, క్రమశిక్షణ 1987 నాటి ప్రొవిన్షియల్ కౌన్సిళ్ల చట్టం ప్రకారం గవర్నర్ చేతిలో ఉన్నాయి. డబ్బుకు సంబంధించిన ఏ చట్టమైనా ఆయన సిఫారసు లేకుండా మండలిలో ప్రవేశపెట్టడానికే వీల్లేదు.

ఇంత అధికారం ఎవరి చేతిలో ఉందన్నది ఇక్కడ ముఖ్యం. అప్పటి గవర్నర్ జి.ఎ.చంద్రసిరి రిటైర్డ్ మేజర్ జనరల్. గతంలో జాఫ్నాలో సైన్యానికి కమాండరుగా ఉన్నవాడు. 2009 నుంచి ఎన్నికలు లేని నాలుగేళ్లూ ప్రావిన్స్‌ను ఆయనే నడిపాడు. కమాండరుగా ఊళ్లలోకి సైన్యాన్ని పంపిన మనిషే ఇప్పుడు టీచర్ల బదిలీ ఫైలు మీద సంతకం పెట్టాలి. ఆయన్ను మార్చి పౌర పాలనలో అనుభవమున్నవారిని వేయాలని కొత్త ముఖ్యమంత్రి మొదటి నుంచీ అడిగాడు. 2014 జూలైలో గవర్నర్ పదవీకాలం ముగిసింది. రాజపక్స ఆయన్నే మళ్లీ నియమించాడు.

చీఫ్ సెక్రటరీ విషయంలోనూ ఇంతే. మన దగ్గర ముఖ్యమంత్రి మారితే చీఫ్ సెక్రటరీ మారడం మామూలు. అక్కడ ఆ అధికారిని అధ్యక్షుడు నియమిస్తాడు. అధికారులు తన అనుమతితోనే కొన్ని పనులు చేయాలని ముఖ్యమంత్రి ఒక సర్క్యులర్ ఇస్తే, చీఫ్ సెక్రటరీ తన ప్రాథమిక హక్కులకు భంగమంటూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014లో ఆ వివాదం చీఫ్ సెక్రటరీ వైపే తేలింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి వచ్చిన ముఖ్యమంత్రికి తన కార్యాలయంలోని అత్యున్నత అధికారి మీద చెల్లే మాట ఎంతో అదే కోర్టు గుర్తుచేసింది.

జిల్లాల్లో పరిస్థితి ఇంకా స్పష్టం. మన కలెక్టర్ లాంటి గవర్నమెంట్ ఏజెంట్, మండల స్థాయిలో ఉండే డివిజనల్ సెక్రటరీ కేంద్రానికి జవాబుదారులు. భూమి రికార్డు, పింఛను, పునరావాసం, ఇళ్ల మంజూరు అన్నీ వాళ్ల బల్ల మీదే. సమస్యతో వచ్చిన మనిషిని ప్రావిన్స్ మంత్రి డివిజనల్ సెక్రటరీ దగ్గరికి పంపాలి. పోలీసు అధికారం కాగితం మీద ప్రావిన్సులకు ఉంది కానీ ఏ ప్రావిన్స్‌కూ ఇప్పటిదాకా ఇవ్వలేదు. ముఖ్యమంత్రి సహాయ నిధి పెట్టుకుందామన్నా గవర్నర్ దగ్గర ఆగిపోయింది. విదేశాల్లో స్థిరపడ్డ జాఫ్నా తమిళులు టొరంటో, లండన్ నుంచి డబ్బు పంపడానికి సిద్ధంగా ఉన్నారు. ఎల్‌టీటీఈకి వెళ్లిన దారిలోనే ఈ డబ్బూ వెళ్తుందేమోనని కొలంబో భయపడింది. నిధికి ఆడిట్ పెట్టి, పారదర్శకంగా నడిపించి ఉంటే ఆ భయానికి అదే మంచి మందు అయ్యేది. వితంతువులు, కాళ్లు చేతులు పోయినవాళ్లు, అప్పుల్లో మునిగిన ఆడవాళ్లు ఇంతమంది ఉన్న ప్రాంతంలో ఒక సహాయ నిధిని ఆపేయడం వల్ల ఎవరి భద్రత పెరిగిందో ఎవరూ చెప్పలేకపోయారు.

చెట్లకు అంటించిన నోటీసులు

వలికామం నార్త్ జాఫ్నా ద్వీపకల్పంలో ఉత్తర తీరం. ఎర్రమట్టి, తోటలు, పక్కనే చేపల రేవులు. పలాలి విమానాశ్రయం, కంకేసంతురై రేవు అక్కడే. 1990లో యుద్ధం మళ్లీ రాజుకున్నప్పుడు సైన్యం ఆ ప్రాంతాన్ని తీసుకుంది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఖాళీ చేసినవాళ్లలో చాలామంది పది, పదిహేను కిలోమీటర్ల దూరంలోనే చున్నాకం, మల్లాకం చుట్టుపక్కల సంక్షేమ శిబిరాల్లో ఉండిపోయారు. యుద్ధం ముగిశాక కూడా కదల్లేదు. శిబిరంలో పుట్టిన పిల్లలు శిబిరంలోనే పెళ్లి ఈడుకొచ్చారు.

ఎన్నికలకు అయిదు నెలల ముందు, 2013 ఏప్రిల్‌లో, ఆ ప్రాంతంలో 6,381 ఎకరాలను సేకరిస్తున్నట్టు నోటీసులు వెలిశాయి. చెట్లకు అంటించారు. హక్కుదారుల ఆచూకీ తెలియడం లేదని వాటిలో రాశారు. హక్కుదారులేమో కూతవేటు దూరంలో, ప్రభుత్వమే రేషన్ ఇచ్చిన శిబిరాల్లో, ప్రభుత్వ జాబితాల్లో పేర్లతో సహా ఉన్నారు. రెండు వేల మందికి పైగా అప్పీల్ కోర్టులో పిటిషన్లు వేశారు. ఇన్నేళ్లు వేచి చూసిన జనం ఒక్క నోటీసుతో భూమి పోతుందంటే ఎన్నికల్లో ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు.

కౌన్సిల్ వచ్చాక శిబిరాల్లోని జనం మొదట అడిగింది ఈ భూమి గురించే. సెప్టెంబర్ 26 తీర్పు తర్వాత మండలి దగ్గర తీర్మానం చేయడం తప్ప మరో దారి లేకపోయింది. సేకరించాలన్న భూమిలో సైన్యం కూరగాయలు పండించి అమ్మడం, హోటళ్లు నడపడం జనం కళ్లముందే జరిగింది. తన పొలంలో పండిన పంట మార్కెట్‌లో సైనికుడి దగ్గర కొనుక్కోవాల్సి రావడం ఏ రైతుకైనా అవమానమే. సైన్యం వెనక్కి వెళ్లాలన్న డిమాండును కొలంబోలో వేర్పాటువాదంగా చూపించినవాళ్లు ఆ పొలాన్ని చూసి ఉంటే బాగుండేది.

దక్షిణాది భయం

సింహళుల్లో ఉన్న భయాన్ని పూర్తిగా కల్పితమని కొట్టేయడం కూడా న్యాయం కాదు. దాదాపు మూడు దశాబ్దాల యుద్ధంలో బస్సుల్లో, రైళ్లలో, బ్యాంకు ముందు బాంబులు పేలి మామూలు జనం చచ్చిపోయారు. 1990లో ఒక ముఖ్యమంత్రి ఈలం ప్రకటన చేసి వెళ్లిన సంగతి అక్కడ ఎవరూ మరిచిపోలేదు. కూటమి ఎన్నికల ప్రణాళికలో సమాఖ్య, స్వయం నిర్ణయాధికారం అన్న మాటలు ఉండేసరికి కొలంబో పత్రికలు, బౌద్ధ సంఘాలు గోలపెట్టాయి. కూటమిలో పెద్ద పార్టీ ఇలంకై తమిళ్ అరసు కచ్చి లక్ష్యమే దేశ విభజన అని సుప్రీంకోర్టులో కేసు వేశారు. 2017 ఆగస్టులో కోర్టు ఆ కేసు కొట్టేసింది. సమాఖ్య పాలన అడగడం దేశాన్ని చీల్చమని అడగడం కాదని స్పష్టంగా చెప్పింది. ఎంతో విలువైన తీర్పు. ఎన్నికల ఏడాదిలోనే ఇలాంటి మాట వినిపించి ఉంటే వాతావరణం కొంతైనా వేరుగా ఉండేది.

బయటి దేశాల దృష్టి కూడా రెండు వైపులా పనిచేసింది. 2013 నవంబరులో కామన్వెల్త్ సమావేశానికి వచ్చిన బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ జాఫ్నా వెళ్లి శిబిరాలు, ఉదయన్ కార్యాలయం చూశాడు. మన్మోహన్ సింగ్ సమావేశానికే వెళ్లలేదు, తమిళనాడు ఒత్తిడి అలాంటిది. 2014 మార్చిలో జెనీవా తీర్మానం ఉత్తర మండలికి, దాని ముఖ్యమంత్రికి 13వ సవరణ ప్రకారం అవసరమైన వనరులు, అధికారం ఇవ్వాలని కోరింది. ఒక ప్రావిన్స్ మండలి పేరు ఐక్యరాజ్య సమితి తీర్మానంలోకి ఎక్కడం మాటలు కాదు. అయితే జెనీవా ఎంత గట్టిగా మాట్లాడితే కొలంబోలో అంత గట్టిగా బిగుసుకున్నారు. మండలి మీద నిఘా పెరిగిందే కానీ అధికారం పెరగలేదు.

మండలి చేసింది, చేయనిది

అధికారం లేకపోవడం నిజమే. కానీ ఉన్నంత మేరకైనా మండలి పూర్తిగా వాడుకుందా? ఈ ప్రశ్న జాఫ్నాలోనే గట్టిగా వినిపించింది, వినిపించాలి కూడా. అయిదేళ్లలో వందల తీర్మానాలు చేసిన మండలి చట్టాలు చేసింది బహు తక్కువ. వ్యవసాయం, స్థానిక రోడ్లు, ఆరోగ్య కేంద్రాలు, బడులు చాలావరకు ప్రావిన్స్ పరిధిలోనివే. గవర్నర్ అడ్డు వచ్చిన చోట అడ్డు వచ్చాడు, రాని చోట్ల కూడా పని సాగలేదు.

2015 జనవరిలో రాజపక్స ఓడి మైత్రిపాల సిరిసేన అధ్యక్షుడయ్యాడు. ఉత్తరాది తమిళుల ఓటు ఆ గెలుపులో కీలకం. సైనిక గవర్నర్ పోయి మాజీ విదేశాంగ కార్యదర్శి పళిహక్కార వచ్చాడు. వలికామం భూములు విడతలవారీగా వదలడం మొదలైంది. తలుపు కొద్దిగా తెరుచుకున్న ఆ సమయంలోనే, ఫిబ్రవరి 10న, తమిళుల మీద జరిగింది జాతి నిర్మూలన అని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. ముల్లివైక్కాల్‌లో ఎంతమంది చనిపోయారో ఇప్పటికీ తేలలేదు. 40 వేల మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్య సమితి నిపుణుల బృందం చెప్పింది. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లకు ఆ మాట తమ సభలో పలకడం అవసరం. దాన్ని తప్పుపట్టే అర్హత బయటివాళ్లకు లేదు. కానీ కొత్త ప్రభుత్వంతో బేరమాడే బాధ్యత సంపంధన్, సుమంత్రన్ లాంటి పార్లమెంటు సభ్యులది, తీర్మానం ముఖ్యమంత్రిది. ఇద్దరి మాటా ఒకటి కాలేదు. అక్కడి నుంచి కూటమి రెండుగా నడిచింది. 2015 చివర్లో తమిళ ప్రజా మండలి అనే వేదికకు విఘ్నేశ్వరన్ సారథి అయ్యాడు, 2016లో 'ఎళుక తమిళ్' ఊరేగింపులో ముందు నడిచాడు. 2017 జూన్‌లో సొంత పార్టీ సభ్యులే ఆయన మీద అవిశ్వాస తీర్మానం గవర్నర్‌కు ఇచ్చారు. జాఫ్నాలో యువకులు ముఖ్యమంత్రికి మద్దతుగా వీధుల్లోకి వచ్చారు. సంపంధన్ నచ్చజెప్పాక తీర్మానం వెనక్కి తీసుకున్నారు.

ఆ గొడవకు మూలం మంత్రుల అవినీతి ఆరోపణలపై విచారణ. అందులో ఒక మంత్రిని ముఖ్యమంత్రి తొలగిస్తే, ఆయన కోర్టుకు వెళ్లాడు. మంత్రిని నియమించేదీ తీసేసేదీ గవర్నర్ అన్నది ఆయన వాదన. 2018లో అప్పీల్ కోర్టు ఆ తొలగింపును నిలిపేసింది. కౌన్సిల్ గడువు ముగియడానికి నాలుగు నెలల ముందు మాట ఇది. 78 శాతం ఓటుతో వచ్చిన ముఖ్యమంత్రి తన మంత్రివర్గంలో ఎవరుండాలో కూడా చివరిదాకా తేల్చుకోలేకపోయాడు.

2018 తర్వాత

2018 అక్టోబర్‌లో ఉత్తర మండలి గడువు ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరగలేదు. ఒక్క ఉత్తరంలోనే కాదు, మిగతా ఎనిమిది ప్రావిన్సుల్లోనూ గడువు ముగిసిన మండళ్లు ముగిసినట్టే ఉన్నాయి. 2017లో ఎన్నికల పద్ధతి మారుస్తూ పార్లమెంటు చట్టం చేసింది. కొత్త పద్ధతికి నియోజకవర్గాల హద్దులు గీయాలి. గీసిన నివేదిక 2018 ఆగస్టులో పార్లమెంటుకు వస్తే, తెచ్చిన మంత్రితో సహా ఎవరూ అనుకూలంగా ఓటేయలేదు. 139 మంది వ్యతిరేకించారు. కొత్త హద్దులు లేవు, పాత పద్ధతి చట్టంలో లేదు. పాత పద్ధతికి తిరిగి వెళ్లడానికి సాధారణ మెజారిటీతో ఒక చిన్న సవరణ చాలు. ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చిన ప్రభుత్వాలు ఆ పని చేయలేదు.

ఈలోగా ఉత్తరాది ఓటరు కూడా మారాడు. 2024 నవంబర్ పార్లమెంటు ఎన్నికల్లో జాఫ్నా జిల్లాలోని ఆరు స్థానాల్లో మూడు అనుర కుమార దిసనాయకే నాయకత్వంలోని నేషనల్ పీపుల్స్ పవర్ గెలిచింది. దక్షిణాది సింహళ పార్టీ ఒకటి జాఫ్నాలో తమిళ పార్టీలను దాటడం అంతకుముందు ఎవరూ చూడనిది. తమిళ నాయకుల కీచులాటలతో విసిగిన జనం కొత్తవాళ్లకు అవకాశమిచ్చి చూశారు. ప్రావిన్స్ అధికారాల మీద ఆశ చంపుకున్నారని దాన్నిబట్టి అనుకోవడం తొందరపాటు.

2025 మార్చిలో ఆ కొత్త ప్రభుత్వమే ఒక గెజిట్ ఇచ్చింది. ఉత్తరాది జిల్లాల్లో సుమారు 5,900 ఎకరాలకు మూడు నెలల్లో హక్కుదారులు ముందుకు రాకపోతే అది ప్రభుత్వ భూమి అవుతుందని అందులో ఉంది. యుద్ధంలో పత్రాలు కాలిపోయినవాళ్లు, సునామీలో పోగొట్టుకున్నవాళ్లు, తమిళనాడు శిబిరాల్లోనో కెనడాలోనో ఉన్నవాళ్లు మూడు నెలల్లో ఏ కాగితం తెస్తారు? తమిళ పార్టీలు ఆందోళనకు దిగాయి, సుమంత్రన్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. జూన్ చివర్లో కోర్టు గెజిట్ అమలును నిలిపేసింది. తర్వాత ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. భూమి మీద అధికారం లేకపోయినా, ఆ మూడు నెలలూ కైతడిలో ఒక మండలి కూర్చుని ఉంటే ఈ నోటీసు గురించి అడగడానికి 38 మంది ఎన్నికైన మనుషులు ఉండేవాళ్లు. ఆ భవనంలో ఇప్పుడు గవర్నర్ కింద అధికారులు మాత్రమే పనిచేస్తున్నారు.